కథ ఓడ దిగిన చోటే మొదలు కావాలా?

ఆస్ట్రేలియాలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలు బ్రిటిష్ వలస స్థావరాల చరిత్ర చదువుతారు. సిడ్నీలో పెరుగుతున్న మన తెలుగు పిల్లలకూ అదే పాఠం. దానికి తోడుగా చారిత్రక కథలు చదివించడం మంచి పద్ధతే. నా అభ్యంతరమల్లా కథల ఎంపిక మీద. మా ఇంటికి వచ్చిన పుస్తకాల్లో ఎక్కువ భాగం బ్రిటన్ నుంచి ఓడలో వచ్చిన బాల ఖైదీ కళ్లతోనే లోకాన్ని చూపించాయి.

ఆ బాలుడి కష్టం కల్పితం కాదు. పొగగొట్టాలు తుడిచే జాన్ హడ్సన్‌కు 1783లో, తొమ్మిదేళ్ల వయసులో, దొంగతనం నేరం కింద ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష పడింది; 1788 జనవరిలో ఖైదీలను తెచ్చిన 11 ఓడలు సిడ్నీ తీరానికి చేరేనాటికి అతనికి 13 ఏళ్లు. చదివే పిల్లలకు కన్నీళ్లు రావడం సహజమే. చిక్కంతా కథ ముగింపుతోనే వస్తుంది: శిక్ష తీరుతుంది, కొంత భూమి దక్కుతుంది, కథ సుఖాంతమవుతుంది. శిక్ష తీరిన ఒంటరి మగవాడికి 30 ఎకరాలు, పెళ్లయితే మరో 20 ఇవ్వాలని ఆ వలస తొలి గవర్నర్ ఫిలిప్‌కు ఆదేశాలుండేవి. జేమ్స్ రూస్ అనే మాజీ ఖైదీకి పారమట్టా దగ్గర దక్కిన 30 ఎకరాలు అక్కడి ఆదివాసులైన బుర్రమట్టగల్ ప్రజల నేల అన్న సంగతి చెప్పకుండా ఆ సుఖాంతాన్ని పిల్లల చేత మెచ్చుకోనివ్వడం నా దృష్టిలో బోధన కాదు.

పదేళ్ల పిల్లలకు ఇంత బరువైన విషయాలు వద్దంటారు కొందరు. తొమ్మిదేళ్లవాడికి పడిన శిక్షను మోయగలిగిన మనసు, 1789 మశూచిలో తల్లిదండ్రులను పోగొట్టుకుని వైద్యుడు జాన్ వైట్ ఇంట పెరిగిన, ఇంచుమించు అదే వయసు ఆదివాసీ బాలుడు నాన్‌బరీ కథను మోయలేదా? పాట్యెగరాంగ్ అనే ఆదివాసీ యువతి మాటలను లెఫ్టినెంట్ విలియం డాస్ తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు: తెల్లవాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు కాబట్టి తమవాళ్లకు కోపం, తుపాకులున్నాయి కాబట్టి భయం. ఇందులో పదేళ్ల పిల్లలకు అర్థం కానిదేమీ లేదు.

అయితే బడిలో పిల్లల చేత ఖైదీ బాలుడి డైరీని ఊహించి రాయించినట్టే నాన్‌బరీ డైరీ కూడా రాయించి సరిపెట్టడానికి నేను ఒప్పుకోను. ఆ జాతుల గురించి ఏమీ తెలియని పిల్లలు రాసేది ఊహాగానమే అవుతుంది. ఆ గొంతును ఆదివాసీ రచయితల పుస్తకాల్లోనే వినిపించాలి. అవి బడి గ్రంథాలయంలో ఉన్నాయని చెప్పి, మార్కులు మాత్రం ఖైదీ కథకే కేటాయిస్తే, ఏది ముఖ్యమో పిల్లలు ఇట్టే పసిగడతారు.