ఆ వైరు కోయొద్దు బాబూ!

గుర్రాల ట్రైలర్ లాగే నా ఎస్‌యూవీకి ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ (బండి బ్రేకు నొక్కగానే ట్రైలర్ బ్రేకులకూ కరెంటు పంపే పెట్టె) బిగించమని హైదరాబాద్‌లో పుత్లీబౌలి నుంచి రాణిగంజ్ దాకా ఏ మెకానిక్‌ని అడిగినా ఒకటే మాట: "ఏముంది సార్, బ్రేక్ లైట్ వైరు కోసి కలిపేస్తా." ఒళ్లు మండిపోతుంది. ఆ కంట్రోలర్‌కు కావాల్సింది నాలుగు వైర్లే, నిజమే. కానీ ఇప్పటి ఎస్‌యూవీల్లో బ్రేక్ లైట్లను వెలిగించేది కంప్యూటర్. ఆ వైరును కెలికితే డ్యాష్‌బోర్డు నిండా వార్నింగులే. పైగా ట్రైలర్ చక్రాల దగ్గర కరెంటుతో బ్రేకు పట్టించే ఒక్కో బ్రేక్ మ్యాగ్నెట్ సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది, నాలుగుంటే 12. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో విడిగా మందపాటి వైరు లాగమంటే "అంతొద్దు సార్" అంటూ సన్న వైరుకు టేపు చుట్టబోతాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద వెనక నుంచి గుర్రాల ట్రైలర్ తోసుకొస్తుంటే ఆ టేపు ఆపుతుందా? పోనీ సర్వీస్ సెంటర్‌లో వైరింగ్ డయాగ్రమ్ అడిగితే "బయటికివ్వం" అన్నారు. బండి నాది, డబ్బు నాది, డయాగ్రమ్ మాత్రం వాళ్లదా?