అల్లుడుగారి సిటీ బ్రేక్‌పై ఆక్షేపణ

నెదర్లాండ్స్‌లో స్థిరపడ్డ మా వీధి అమ్మాయి, ఆ దేశపు మొగుణ్ణి వెంటబెట్టుకుని రెండు రోజుల ‘సిటీ బ్రేక్’ అంటూ కాకినాడ వచ్చి హోటల్లో గది తీసుకుంది. ఇందులో ఎంత ఘోరముందో గోదావరి జిల్లాల వారికి చెప్పక్కర్లేదు. మిగతా జిల్లాల వారి కోసమే ఈ వ్యాసం.

సిటీ బ్రేక్ అంటే శుక్రవారం దిగి, ఊరు చూసి, ఆదివారం ఎక్కేయడమట. ఊళ్ళో మేనమామ ఇల్లు పెట్టుకుని ఊరు చూడటమేమిటి? మన లెక్కలో ఊరంటే చుట్టాల ఇళ్ళు. వాటి మధ్య ఖాళీల్లో బీచ్ వగైరాలుంటాయి.

పైగా వచ్చింది ఆగస్టులో. గోదావరికి ఎర్రనీరొచ్చి, సముద్రంలోని విలస ఏరెక్కి పులస అయ్యే రోజులు. పులస ధర అల్లుడి ముందు అనకూడదు, నిజమే. అనకుండా వడ్డించిన మేనమామ మాత్రం ఇంతవరకూ పుట్టలేదు. పచ్చి హెర్రింగ్ మీద ఉల్లిపాయ ముక్కలు చల్లుకు తినే దేశం వాడు కదా, పులుసు ముందు కాసేపు మాట రాలేదు. ముళ్ళు ఏరేసరికి సాయంత్రమైంది. కోరింగ మడ అడవులు రద్దు. పులస పులుసుకి మర్నాడే అసలు రుచి గనుక, మర్నాటి కార్యక్రమమూ రద్దు.

అబ్బాయి చదువుకున్నవాడే. 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయేదాకా ఇక్కడి జగన్నాథపురం డచ్చివాళ్ళదనీ, పాలకొల్లులోనూ వాళ్ళ వర్తక స్థావరం ఉండేదనీ, అవి చూడాలనీ అన్నాడు. మేనమామగారు శ్రద్ధగా విన్నారు. “మరి మీవోళ్ళు బట్టల బేరానికొచ్చి తరాల తరబడి ఉండిపోయేరు కదండీ, తమరు ఆదివారమే ఎళ్ళిపోతానంటే ఎలాగండీ బాబూ?” అన్నారు. దీనికి హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దగ్గర కూడా జవాబుండదు.

ఆదివారం ఉదయం పులుసు క్యారేజీలో సర్దుకుని, యానాం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి అమలాపురం పెద్దమ్మగారింటికి బయల్దేరారు. దారిలో జగన్నాథపురం వంతెన మీద కారు ఆగలేదు. చారిత్రక పర్యటన అంతటితో ముగిసింది. (2022 సంక్రాంతికి కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన నరసాపురం వైపు పోనివ్వలేదు. అందుకైనా అతను సంతోషించాలి.)

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం: వీసా దరఖాస్తులో ‘బస చేసే చోటు’ అన్న గడి పక్కన మేనమామ సంతకం తప్పనిసరి చేయాలి.

ఇక హోటల్ బిల్లు సంగతి. రెండు రాత్రులూ ఆ గదిలో పడుకున్నది సూట్‌కేసులే కనుక, సగమైనా తగ్గించమని మేనమామగారు వెళ్ళి అడిగారు. మాటల్లో తేలిందేమంటే, ఆ మేనేజరు ఆయన తోడల్లుడికి పినతండ్రి కొడుకట. బిల్లు తగ్గలేదు గానీ, దంపతుల్ని భోజనానికి పిలిచాడు.