రోహిణి కార్తెలో రాజసం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు అన్నారు. సూటు విప్పమని మాత్రం ఎక్కడా అనలేదు. అందువల్ల మే నెలాఖరులో నరసరావుపేటలో జరిగే రిసెప్షనుకు సూటు తొడుక్కుని బస్సెక్కే యువకుణ్ణి చూసి నవ్వేవారిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. చొక్కా, దానిపై వెయిస్టుకోటు, దానిపై కోటు, మెడకు టై. ఇంగ్లండు చలికోసం పుట్టిన ఈ ఉడుపు పల్నాడులో 45 డిగ్రీల ఎండలో కూడా నలగకుండా నిలబడగలదని లోకానికి చాటుతున్నది అతడే. అతడు నిలబడగలడా అన్నది వేరే ప్రశ్న. దానికి మజ్జిగ గ్లాసుతో పిన్నిగారు సిద్ధంగా ఉంటారు.

ఎండలో హాయిగా ఉన్న మనిషికి హోదా ఉండదు. కావాలంటే బస్టాండులో చూడండి. పలుచని నేత పంచె, భుజాన కండువా, చేతిలో తాటాకు విసనకర్రతో కూర్చున్న పెద్దాయనను కండక్టరు "ఏం తాతా, ఎక్కడికి?" అంటాడు. పక్కనే బిగుతు జీన్సు, నల్ల పాలియెస్టర్ చొక్కాలో ఉడికిపోతున్నవాణ్ణి "సార్" అంటాడు. మామూలు గాలిలో పత్తి తన బరువులో దాదాపు 8 శాతం తేమను పీల్చుకుని ఉంచుకుంటుంది. పాలియెస్టర్ అర శాతాన్ని కూడా దగ్గరికి రానివ్వదు. ఎవరి చెమట వారి వీపు మీదే ఉండాలన్న దాని క్రమశిక్షణ నాకు నచ్చింది.

ఈ సంగతి మన నేతగాళ్ళకు తెలియకపోవడమే విచారకరం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, సన్నని నూలు వడికి, ఖద్దరు నేస్తారు. ఇంత శ్రమా దేనికి? గాలికి దారి ఇవ్వడానికి! మంగళగిరి, వెంకటగిరి వాళ్ళదీ ఇదే పొరపాటు. ఈ ఎండల్లో పుట్టి ఈ ఎండలకే నేశారు. కాస్త ముందుచూపు ఉంటే స్విట్జర్లాండుకు నేసేవారు. వాళ్ళ తప్పును మనమే దిద్దుతున్నాం: ఆ చీరలు కొని, బీరువాలో కలరా ఉండల మధ్య దాచి, డిసెంబరులో ఊటీకి కట్టుకుని వెళుతున్నాం.

ఇక మర్యాద. స్లీపర్ బోగీలో చేతుల్లేని బనియనుతో, లుంగీని మోకాళ్ళపైకి మడిచి కూర్చున్న పెద్దమనిషి, ఎదుటి సీటు అమ్మాయి చున్నీ కాస్త జారినందుకు ఒంగోలు నుంచి గూడూరు దాకా సంస్కృతి మీద ఉపన్యసిస్తాడు. ఆయన బొడ్డు సంస్కృతి పరిధిలోకి రాదు. అది వాతావరణ శాఖ చూసుకోవలసిన విషయం. హైదరాబాదు మధ్యాహ్నాల్లో స్కూటీల మీద వెళ్ళే ఆడపిల్లలు ఎండకు జడిసి కళ్ళు తప్ప తలంతా చున్నీతో చుట్టి, మోచేతుల దాకా తొడుగులు వేసుకుంటున్నారు. ఇన్నేళ్ళ ఉపన్యాసాలకు దక్కని ఫలితం ఇది. అయినా ఆయనకు తృప్తి లేదు. ఎవరి అమ్మాయో పోల్చుకోలేకపోతున్నానని ఇప్పుడు కొత్త బాధ. (భుజాన తువ్వాలు పడగానే నైటీ గౌరవనీయ వస్త్రం ఎలా అవుతుందో, ఆ గౌరవం కూరగాయల బండి దాటి ముందుకు ఎందుకు పోదో కూడా ఆయన్నే అడగాలి.)

తిరుమలలో ఆర్జిత సేవలకు వెళ్ళే మగవారు పంచె, ఉత్తరీయమో, కుర్తా, పైజామానో వేసుకోవాలన్నది నియమం. ఆడవారికి చీర, లంగా ఓణీ లేదా చున్నీతో చుడీదార్. అన్నీ వదులుగా ఉండేవే. కాళ్ళకు ఏడాదిలో ఒక్కసారి గాలి తగలగానే మన భక్తుడి ముఖం వెలిగిపోతుంది, చూసినవారు అది పారవశ్యం అనుకుంటారు. ఈ ప్రమాదాన్ని కూడా మార్కెట్టు ముందే కనిపెట్టి, పట్టులా మెరిసే పాలియెస్టర్‌తో వెల్క్రో పంచెలు తెచ్చింది. అయినా కొందరు నూలువే కట్టుకుంటున్నారు. వాళ్ళను ఏమీ చేయలేం. లడ్డూలు చేతికి అందగానే భక్తుడు గదికి పరుగెత్తి మళ్ళీ జీన్సులో దూరతాడు. ఘాటు దిగే బస్సులో ఊపిరాడడం లేదని కిటికీ సీటు కోసం పోట్లాడేవాడూ అతడే.