సముద్రపు ఉప్పును ఇసుక వడకడుతుందా?

"సముద్రం పక్కనే ఉన్నా బావినీళ్లు తియ్యగా ఉన్నాయంటే ఇసుక ఉప్పును వడకట్టేయడం వల్లే. నీళ్లు ఉప్పబడితే ఇంకా లోతుకు తవ్వండి. లేదా మరిగించండి. టీడీఎస్ (నీటిలో కరిగినవాటి మొత్తం, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 500 లోపుంటే నిశ్చింతగా తాగండి." ఫోన్లలో తిరుగుతున్న ఈ సందేశంలో ఒక్క మాటా నిలవదు. రెండోదైతే బావినే పాడుచేస్తుంది.

ఇసుక మడ్డిని ఆపుతుంది. కరిగిన ఉప్పు నీళ్లతో పాటే దాని సందుల్లోంచి దాటిపోతుంది. అసలా తియ్యటి నీళ్లు సముద్రం నుంచి వచ్చినవి కావు. నేలలో ఇంకిన వాననీళ్లు, బరువైన ఉప్పునీటి మీద తేలుతున్నాయి. లీటరు మంచినీళ్లు 1,000 గ్రాములు తూగితే సముద్రపు నీళ్లు దాదాపు 1,025 తూగుతాయి. ఆ 25 గ్రాముల తేడా మీదే బావి బతుకుతోంది.

ఇక లోతు సంగతి. ఘైబెన్, హెర్జ్‌బెర్గ్ అనే ఇద్దరు ఇంజనీర్లు వందేళ్ల కిందటే ఎవరికి వారుగా తేల్చిన లెక్క ఉంది: భూగర్భ నీటిమట్టం సముద్రమట్టం కన్నా మీటరు ఎత్తున ఉంటే, సముద్రమట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల దాకా మంచినీళ్లుంటాయి. మోటారు పెట్టి తోడి ఆ మట్టాన్ని అర మీటరు దించేస్తే, పోనుపోను అడుగున 20 మీటర్ల మంచినీళ్లు పోయినట్టే. పైగా తోడేచోటే ఉప్పునీరు శంకువులా పైకి లేస్తుంది. లోతుకు తవ్వడమంటే దానికి ఎదురెళ్లడమే. బంకమట్టి పొర కింద వేరే ఊట ఉన్నచోట లోతు బోరు పనికొస్తుంది, నిజమే. అది నేల పొరలు చూశాక చెప్పాల్సిన మాట.

సముద్రపు నీటిలో క్లోరైడ్ (ఉప్పులోని ఒక భాగం) లీటరుకు దాదాపు 19,000 మిల్లీగ్రాములు. నూటికి రెండు పాళ్లు కలిసినా బావిలో 380 పెరుగుతుంది. 250 దాటితే నాలుకకు తెలుస్తుంది. ఒక్కోసారి సబ్బు ఇంకా ముందే చెప్పేస్తుంది: బంకమట్టి రేణువులు సముద్రపు సోడియాన్ని పట్టుకుని తమ కాల్షియాన్ని వదులుతాయి. నీళ్లు కఠినమై నురగ రాదు.

మరిగిస్తే క్రిములు చస్తాయి. ఆవిరయ్యేది నీరే కాబట్టి ఉప్పు ఇంకాస్త చిక్కబడుతుంది.

టీడీఎస్ మీటరు కొలిచేది నీటిలో కరెంటు ఎంత సాగుతుందన్నదే. ఏం కరిగిందో దానికి తెలియదు, క్రిములు అసలే కనబడవు. సెప్టిక్ ట్యాంకు పక్క బావిలో మీటరు 300 చూపిస్తుండగానే, మురుగు నుంచి చేరే నైట్రేట్ లీటరుకు 60 మిల్లీగ్రాములు ఉండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 50. మరిగిస్తే అదీ పెరుగుతుంది. ఆ నీళ్లతో పాలపొడి కలిపి పడితే నెలల పిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలమెక్కే ప్రమాదముంది. నైట్రేట్‌కూ క్రిములకూ పరీక్షలు విడిగా చేయించాల్సిందే.