నా షిఫ్టులోనే కారుతోంది

గేమింగ్ కంప్యూటర్ చిన్నదిగా ఉండాలన్నది నా సరదా కాదు, మా ఆవిడ పెట్టిన షరతు. "హాల్లో టీవీ పక్కన అర ఖాళీగా ఉంది. అందులో పడితే కొనుక్కోండి, పట్టకపోతే మానుకోండి" అంది. అర కొలతలు తనే టేపు పెట్టి చూసి, కాగితం మీద రాసి చేతికిచ్చింది. ఇక బేరం లేదు.

ఆ తర్వాత నా సంసారమంతా ఎక్సెల్ షీట్‌లోనే. మదర్‌బోర్డు మినీ ఐటీఎక్స్ అనే బుల్లి సైజు, అటు 170 మిల్లీమీటర్లు, ఇటు 170. పవర్ సప్లై ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న సైజు, 125 బై 100 బై 63.5. లోపల తిరిగే నీళ్ళను చల్లార్చే రేడియేటర్ మందం 27, దానికి బిగించే ఫ్యాన్ల మందం 25, వెరసి 52. కేబినెట్‌లో అందుకోసం వదిలిన జాగా 55. మిగిలిన ఆ 3 మిల్లీమీటర్లు చూసుకుని, వెంచర్లో కార్నర్ ప్లాటు దొరికినవాడిలా మురిసిపోయాను.

ప్రాసెసర్ రైజెన్ 7 7800ఎక్స్3డీ, కంపెనీ లెక్కలో 120 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4070, ఇంకో 200. అంత వేడిని ఆ బుల్లి పెట్టెలోంచి బయటికి తోలాలంటే లోపల నీళ్ళు తిరగాల్సిందేనని తీర్మానించాను. గాలితో కూడా సరిపోతుందనేవాళ్ళు ఉంటారు. వాళ్ళతో నేను మాట్లాడను.

ఒక్కటే చిక్కు. రేడియేటర్ ఎంత గొప్పదైనా నీళ్ళను గది గాలికంటే చల్లగా చెయ్యలేదు. మే నెల హైదరాబాద్‌లో గది గాలి సంగతి చెప్పేదేముంది! అందుకే ప్లానులో ముందే రాసుకున్నాను: అరలోకి ఎక్కించేముందు బిగించి పరీక్షించే టేబుల్‌ను గోడకు ఆనించి, సరిగ్గా ఏసీ కింద వెయ్యాలి. చల్లగాలి సూటిగా కంప్యూటర్ మీదికి దిగాలి. ఏసీకి సర్వీసింగ్ కూడా మొన్ననే అయింది కాబట్టి గాలి బ్రహ్మాండంగా వస్తోంది.

సామాన్ల కోసం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ కొట్లుండే సీటీసీలో కొట్టు కొట్టూ తిరిగాను. ఎక్కడికెళ్ళినా నా నడుం దాకా వచ్చే కేబినెట్ ముందు నిలబెట్టి ఫ్యాన్లు లెక్కపెట్టి చూపించడమే. చిన్నది కావాలంటే "బడ్జెట్ ప్రాబ్లమా సార్?" అన్నాడొక కుర్రాడు. చిన్నదానికే ఎక్కువ ఖర్చవుతుందని చెప్తే మరీ జాలిగా చూశాడు. చివర్లో "కూలెంట్ ఎరుపు తీస్కోండి సార్, లైటింగులో మస్తుంటది" అని సలహా ఇచ్చాడు. రంగు వేసిన కూలెంట్ కొన్నాళ్ళకు వాటర్ బ్లాకులో, అంటే చిప్పు మీద బిగించే లోహపు దిమ్మలో, ఉండే సన్నటి గాట్లలో పేరుకుపోవచ్చని, తెలిసినవాళ్ళు చాలామంది రంగులేని డిస్టిల్డ్ వాటరే పోస్తారని అక్కడే నిలబడి అతనికి క్లాసు పీకాను. వచ్చే దారిలో బ్యాటరీల షాపులో 5 లీటర్ల క్యాను కొనుక్కొచ్చాను. ఆ కుర్రాడి మాట విని ఎరుపు పోసి ఉంటే ఈ వ్యాసం రాసే పనే ఉండేది కాదు.

బిగించడం గురించి చెప్పను. బిగించాను.

అసలు కథ లీక్ టెస్టు. కంప్యూటర్ ఆన్ చెయ్యకుండా, పంపు ఒక్కటి తిప్పుతూ, ట్యూబులు కలిసే ప్రతి ఫిట్టింగు కింద టిష్యూ పేపరు పెట్టి గంటల తరబడి కాపలా కాయాలి. పవర్ సప్లై తనంతట తాను ఆన్ కాదు. అందుకని 24 పిన్నుల కనెక్టరు ఊడదీసి, లాకు ఉన్న వైపు వరుసలో నాలుగో రంధ్రానికీ ఐదో రంధ్రానికీ మధ్య పేపర్ క్లిప్పు వంచి దూర్చాలి. సరిగ్గా దూరుస్తుండగా మా మామయ్యగారు కాఫీ గ్లాసుతో వచ్చారు. ఆయన విద్యుత్ శాఖలో ఏఈగా రిటైరయ్యారు.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. క్లిప్పు చూశారు, నీళ్ళ క్యాను చూశారు, తర్వాత తన కూతురి వైపు చూశారు.

"ట్రాన్స్‌ఫార్మర్‌లో మేం నూనె పోసేవాళ్ళం అల్లుడుగారూ. అందులో నీళ్ళు చేరాయంటే మాకు మెమో వచ్చేది. మీరు బుద్ధిపూర్వకంగా పోస్తున్నారు."

అయినా పాపం, రాత్రంతా మేలుకోవాలని తెలియగానే ఆయనలో పాత సబ్‌స్టేషన్ లేచి కూర్చుంది. "ఒక్కరి వల్ల కాదు, షిఫ్టులు వేసుకుందాం" అన్నారు. ఎల్ఐసీ వాళ్ళిచ్చిన డైరీ తీసి, స్కేలుతో గళ్ళు గీసి లాగ్ బుక్ తయారుచేశారు. సమయం, డ్యూటీలో ఉన్నవారు, తడి, రిమార్కులు. ఆయన కీళ్ళకు చల్లగాలి పడదు గనక, తన డ్యూటీలో ఏసీ కట్టేసి, ఫ్యాను వేసుకుని, భుజాన తువ్వాలుతో కూర్చునేవారు. పదిహేను నిమిషాలకోసారి లేచి, ప్రతి టిష్యూనూ వేలితో తాకి, కళ్ళజోడు సర్దుకుని రాసేవారు. "10.15: తడి లేదు. 10.30: తడి లేదు. 10.45: తడి లేదు. అల్లుడుగారు నిద్రపోతున్నారు."

ఆ తర్వాత నా డ్యూటీ. ఏసీ వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. కాసేపటికి గ్రాఫిక్స్ కార్డు ఫిట్టింగు దగ్గరి టిష్యూ మీద పప్పుగింజంత మచ్చ కనిపించింది.

ఆ మచ్చ గురించి కొంచెం చెప్పాలి. మొదట నీడనుకున్నాను. టార్చి వేస్తే నీడ పోలేదు. ముట్టుకుంటే చల్లగా ఉంది. చూస్తూ ఉండగానే పక్కన ఇంకోటి వచ్చింది. అంతసేపూ నేను ట్యూబు వైపు చూస్తున్నాను, ఫిట్టింగు వైపు చూస్తున్నాను, అద్దం పెట్టి కార్డు అడుగు చూస్తున్నాను. చుక్క పుట్టే చోటు మాత్రం దొరకదు. పుట్టకుండానే పడుతోంది. కర్మ సిద్ధాంతం మీద నాకు నమ్మకం కుదిరింది ఆ అర్ధరాత్రే.

పంపు ఆపి, నీళ్ళు వంపి, ఫిట్టింగు విప్పి, అందులోని రబ్బరు ఓ-రింగు మార్చి, మళ్ళీ నింపి, బుడగలు పోయేదాకా పెట్టెను అటూ ఇటూ ఊపి, టెస్టు మొదటికి తెచ్చాను. మామయ్యగారు డ్యూటీకి దిగారు. తడి లేదు, తడి లేదు, తడి లేదు. నేను దిగాను. మచ్చ. మళ్ళీ విప్పాను. మళ్ళీ ఆయన. తడి లేదు.

తెల్లవారి మా ఆవిడ డైరీ తిరగేసింది. "నాన్న కూర్చుంటే కారడం లేదండీ. మీరు కూర్చుంటేనే కారుతోంది" అంది. లాగ్ బుక్కులో సాక్ష్యం అంత స్పష్టంగా ఉంటే ఏమంటాం? మా అత్తయ్యగారు వంటింట్లోంచే "ఈ ఏడాది అల్లుడిది ఏ రాశి?" అని అడిగారు. మా ఆవిడే ఇంకోసారి ఆలోచించి, "ఆ నీళ్ళు ఏసీవేమోనండీ" అంది.

దానికి నేను సోఫాలో నిటారుగా కూర్చుని వివరించాను. గాలిలో తేమ తనకంటే బాగా చల్లగా ఉన్న వస్తువు మీదే నీరుగా పడుతుంది. లూపులో, అంటే ఈ ట్యూబుల్లో తిరిగే నీళ్ళు ఎప్పుడూ గది గాలికంటే చల్లబడవు. కాబట్టి ఏసీ ఎంత వేసుకున్నా ట్యూబులకు చెమట పట్టే ప్రసక్తే లేదు. ఇది సైన్సు. ఇందులో ఒక్క ముక్క కూడా తప్పు కాదని ఇప్పటికీ అంటాను.

నేను చెప్పడం పూర్తవుతుండగా టిష్యూ చూద్దామని టేబుల్ మీదికి వంగిన మామయ్యగారి బట్టతల మీద టప్‌మని చుక్క పడింది. ఆయన తల తడుముకున్నారు. నిదానంగా పైకి చూశారు. కుర్చీలో కూర్చుని డైరీలో రాసుకున్నారు: "7.20: తడి ఉంది. పైనుంచి."

మొన్న ఏసీ సర్వీసింగుకు వచ్చినాయన గోడమీద నీటుగా కనిపించాలని డ్రెయిన్ పైపును పైకి ఎత్తి కట్టి వెళ్ళాడు. నీళ్ళకు పైకి ఎక్కే అలవాటు లేదు, వెనక్కి వచ్చి నా కార్డు మీద పడుతున్నాయి. యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. ఎవరూ రాకముందే "పరిష్కరించబడింది" అని వచ్చింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే సన్నాయి వినిపించి, మీ కాల్ మాకెంతో విలువైనదని చెప్పి పెట్టేశారు. ఆ సన్నాయి నాకిప్పుడు నోటికి వచ్చు. మళ్ళీ ఫిర్యాదు, మళ్ళీ సన్నాయి, చివరికి మొన్నటి ఆయనే వచ్చాడు.

వచ్చీ రాగానే ఏసీని చూడలేదు. టేబుల్ మీద పడుకోబెట్టిన కంప్యూటర్ను చూశాడు. పారదర్శకమైన ట్యూబులు, వాటిలో తిరుగుతున్న నీళ్ళు.

"సార్, ఇందులోంచి కారుతున్నట్టుంది కదా?"

మామయ్యగారు లాగ్ బుక్ తీసి చదవబోయారు. అతను వినలేదు. స్టూలెక్కి, పైపును చేత్తో కిందికి వంచి, దిగి, ఫోన్ ముందుకు చాపాడు. "ఓటీపీ చెప్పండి సార్. ఫైవ్ స్టార్ కొట్టండి."

చెప్పాను. రాత్రంతా నిద్ర లేనివాడు ఏ నంబరు అడిగినా చెప్తాడు. అతను లిఫ్టు ఎక్కాక మెసేజ్ వచ్చింది: కారణం, కస్టమర్ సొంత పరికరం నుంచి నీటి లీకేజీ, విజిటింగ్ ఛార్జి, జీఎస్టీతో కలిపి 590 రూపాయలు.

మామయ్యగారు దాన్ని కూడా డైరీలో ఎక్కించారు, నా షిఫ్టు కింద.