ఒక్క కట్టగా కడితే శుభ్రమేనా?
జీమెయిల్ ఒకే సబ్జెక్టు మెయిళ్లన్నీ ఒక్క కట్టగా మడిచి పెడుతుంది; దాంతో ఇన్‌బాక్స్ శుభ్రంగా ఉంటుందని కొందరు అంటుంటారు. ముచ్చట్లు పెట్టుకునేవాళ్లకు సరే గానీ, లెక్కలు చూసుకునేవాళ్లకు అది తలనొప్పే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణం సంగతే తీసుకోండి: నిన్నటి మెయిల్‌కే రిప్లై కొట్టి, సబ్జెక్టు మార్చకుండా ఇవాళ్టి తేజ, వండర్‌హాట్ మిర్చి ధరల ఫైలు పెడతారు. జీమెయిల్ అన్నిటినీ కలిపేసి పేరు పక్కన 14 అనో 23 అనో అంకె వేస్తుంది, అంతే. అసలు ప్రమాదం డిలీట్‌తో. ఇన్‌బాక్స్ వరుస మీదున్న చెత్తబుట్ట బొమ్మ నొక్కితే ఒక్క మెయిల్ కాదు, మొత్తం కట్ట పోతుంది! ఒక్కటే తీసేయాలంటే కట్ట తెరిచి, ఆ మెయిల్ పక్కన మూడు చుక్కల్లో వెతుక్కోవాలి. ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి కాబట్టి నయం. విడివిడిగా కావాలంటే కంప్యూటర్‌లో గేర్ బొమ్మ, సీ ఆల్ సెట్టింగ్స్, జనరల్, అక్కడ కాన్వర్సేషన్ వ్యూ (ఇలా కట్ట కట్టే సెట్టింగ్) ఆఫ్ చేయాలి. పేజీ అట్టడుగున సేవ్ చేంజెస్ నొక్కకుండా బయటికొస్తే మళ్లీ మొదటికే (ఆ బటన్ పైన పెడితే ఏం పోయేదో). సెట్టింగ్ ముట్టుకోవద్దనుకుంటే, రిప్లై రాసేటప్పుడు అవతలివాళ్ల పేరు పక్కనున్న చిన్న బాణంలో ఎడిట్ సబ్జెక్ట్ నొక్కి తేదీ మార్చండి, కొత్త కట్ట మొదలవుతుంది.