సరైన జవాబుకు జరిమానా

ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి గత వారం పిల్లలతో సంత పెట్టించింది. బెంచీల మీద చింతపండు, కొండచీపుళ్లు, టమాటాలు, అట్టముక్కల మీద ధరలు. కొనడం, అమ్మడం, లాభనష్టాలు లెక్కేయడం పిల్లలు తమ చేతులతో నేర్చుకోవాలన్న ఆలోచన మెచ్చదగినదే. ఏడో తరగతి చదివే తెలుగు పాప కొట్టు దగ్గర టీచరు ఆగి, వానలు పడితే టమాటా ధర ఎందుకు పెరుగుతుందని ఇంగ్లీషులో అడిగారు. ప్రశ్న పాపకు అర్థమైంది. "సరుకు దిగలేదు కదండీ, గిరాకీ అలాగే ఉంది" అంది.

అర్థశాస్త్రం మొదటి సూత్రాన్ని ఆ పిల్ల ఆరు మాటల్లో చెప్పేసింది. తెలుగులో చెప్పినందుకు అయిదు రూపాయల జరిమానా పడింది. ఆ తర్వాత బేరానికి ఎవరొచ్చినా 'యెస్ మేడమ్' తప్ప ఆమె నోట మరో మాట రాలేదు.

తల్లిదండ్రులు అప్పు చేసి ఫీజు కడుతున్నది ఇంగ్లీషు కోసమేనని యాజమాన్యాలు అంటాయి. నిజమే, ఇంగ్లీషు రావాలి. జరిమానాతో వస్తుందా?

గింజతో ఉన్న చింతపండుకు 2020లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర కిలో 36 రూపాయలు. సంతలో షావుకారు 30కి అడిగితే పది కిలోల మీద 60 రూపాయలు పోతాయని పిల్లకు తన భాషలో తెలియాలి. అది తేలాక లాస్, సప్లయి, డిమాండ్ అన్న మాటలు పట్టుబడటానికి ఎంతోసేపు పట్టదు. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి అర్థశాస్త్రం కూడా ఏళ్ల తరబడి పాలంపూర్ అనే ఊహాగ్రామంలోని పొలం, కూలీ, చిన్న దుకాణం నుంచే పాఠం మొదలుపెట్టింది. మన పిల్లలకు ఊహాగ్రామం అక్కర్లేదు. ఆదివారం అమ్మ పక్కన కూర్చుని కాటా పట్టుకునే పిల్లలు వీళ్లు.

మమ్మల్ని మండిస్తున్నది ఈ రెండు నాల్కల తీరు. అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరిగేటప్పుడు తెలుగు కావాలి. ఫీజు బకాయి అడిగేటప్పుడు తెలుగు కావాలి. పిల్ల జవాబు చెప్పేటప్పుడు మాత్రం తెలుగు నేరం! లాభం ఎక్కడ వస్తుందో అక్కడ చెల్లుబాటయ్యే భాష తరగతి గదిలో ఎందుకు చెల్లదు? న్యాయమైన లావాదేవీ గురించి పాఠం చెబుతూ రసీదైనా లేకుండా పసిదాని చేతిలోని డబ్బు లాక్కోవడం ఏ వ్యాపార నీతి?

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలంటుంది విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్. పిల్లలను మానసికంగా వేధించడాన్ని అదే చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. సవర, కువి, కోయ మాట్లాడే గిరిజన పిల్లలకు వారి భాషల్లోనే తొలి పాఠాలు చెప్పించే ఏర్పాటు ఒడిశా ప్రభుత్వమే చేసింది. అదే గడ్డ మీద ఒక ప్రైవేటు బడి మాతృభాషకు వెల కట్టి వసూలు చేస్తుంటే విద్యాధికారులు చూస్తూ ఊరుకుంటారా? ఊరుకుంటే రేపు గుణుపురంలో, పర్లాకిమిడిలో, బరంపురంలో ఇదే రేటు మొదలవుతుంది. ఈరోజు తెలుగుకు, రేపు ఒడియాకు, గిరిజన భాష కుయికి.

ఆ అయిదు రూపాయలు పాపకు తిరిగి ఇచ్చేయండి. ఆఫీసు గదిలో కాదు, తరగతి అందరి ముందు ఇవ్వండి. ఆమె చెప్పిన ఆరు మాటలను బోర్డు మీద తెలుగులోనే రాసి, పక్కన ఇంగ్లీషు రాయించండి. ఆ పాఠం చెప్పడం చేతకాకపోతే సంత పెట్టకండి.